అమ్మమ్మగారి కావిడి పెట్టె, మా పాప ట్రంకు పెట్టె: తేమకు పాడవకుండా ఎలా దాచాలి?

కోనసీమ మనవరాలు

అందరికీ నమస్కారమండీ. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి పెంకుటిల్లు దసరా వెళ్ళాక విప్పేస్తున్నారు. కలప కొనేవాళ్ళతో బేరం కూడా అయిపోయింది. ఇంటి సంగతి ఎలాగూ తేలిపోయింది. ఇప్పుడు బెంగంతా ఆవిడ కావిడి పెట్టె గురించే. అమ్మా నేనూ కూర్చుని తెరిచాం. జరీ పట్టుచీరలు, నరసాపురం లేసు బల్లగుడ్డ, తాటాకు జాతకాల కట్ట, రబ్బరు బ్యాండు వేసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు, ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన తాతయ్య ఫోటో, ఉగ్గుగిన్నె, వెండి మొలతాడు, మావయ్య బొడ్డుతాడు పెట్టించిన తాయెత్తు, మా చిన్నప్పటి వీడియో క్యాసెట్లు. అన్నిటికీ ఒకటే వాసన, ముక్కిపోయిన వాసన.

దీనికి తోడు మా ఆరేళ్ళ పాప సామాను. పురిటి బట్టలు, హాస్పిటల్‌లో ఇచ్చిన స్కానింగ్ బొమ్మ, అక్షరాభ్యాసం పలక, ఇక బొమ్మలు గీసిన కాగితాలైతే మూటలు మూటలు.

మేముండేది రావులపాలెంలో, మేడ మీద వాటా. కలరా ఉండలు పోసి తాళం వేసెయ్యమంటుంది అమ్మ. అన్నీ ఫోటోలు తీసుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యమంటారు మావారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

భీమవరం బుల్లోడు

ముందు పెట్టె ఎవరి వాటాకి వస్తుందో తేల్చుకోండి అక్కా. తేమ కంటే అదే డేంజర్ 😀

పాత లైబ్రరీ మాస్టారు

అమ్మా, నేను రిటైరయ్యేదాకా పాత పుస్తకాల మధ్యే బతికాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, విసుక్కోకు.

మన డెల్టాలో వస్తువుకి మొదటి శత్రువు పురుగు కాదు, గాలిలో తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు అలాగే ఉంటే కాగితం మీదా బట్ట మీదా బూజు లేస్తుంది. వానాకాలంలో మన వైపు 70 పైనే ఉంటుంది, సముద్రం దగ్గరకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. అందుకని "గట్టిగా మూసెయ్" అనేది సగం సలహాయే. తడి లోపల ఉండగా మూస్తే తడినే దాచినట్టు. ముందు ఆరాలి, తర్వాతే మూత.

ఇప్పుడు వానలు కాబట్టి పెట్టెలోవి ఏవీ సర్దకండి. గదిలో ఫ్యాను కింద దుప్పటి పరిచి, నీడన ఆరబెట్టండి. ఎండలో పెట్టొద్దు, రంగు దిగిపోతుంది, తాటాకు విరుగుతుంది. బూజు కనిపిస్తే ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే అది ఇంకా లోపలికి వెళ్తుంది. అసలు సర్దుడు సంక్రాంతి రోజుల్లో పెట్టుకోండి. అప్పటికి వానలు పోయి గాలి కాస్త పొడిగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ దొరుకుతుంది, వందల్లోనే ఉంటుంది ఖరీదు. దాన్ని పెట్టెలో పడేస్తే లోపల తేమ ఎంతుందో అదే చూపిస్తుంది.

ఉత్తరాల రబ్బరు బ్యాండు ఇవాళే తీసెయ్యండి. అది కరిగి కాగితానికి అంటుకుంటుంది. అందులో గంధకం ఉంటుంది, పక్కన వెండి ఉంటే నల్లబడుతుంది కూడా. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు మరకలు వేస్తాయి. చిరిగినచోట సెల్లో టేపు అసలొద్దు. పాత న్యూస్‌పేపర్లో దేన్నీ చుట్టకండి, ఆ కాగితంలో ఉండే ఆమ్లం పక్కవాటిని కూడా పసుపు చేస్తుంది. ఉత్తరాలు మడత విప్పి, మధ్యలో తెల్ల కాగితం పెట్టి, అట్టపెట్టెలో పరిచి ఉంచితే చాలు.

తాటాకుల గురించి విడిగా రాస్తాను. వాటికి తొందరపడి నూనె రాయకండి.

లంక రైతు

మాస్టారు చెప్పింది బావుంది గానీ, మా లంకల్లో తేమ కాదండీ, గోదారే వస్తుంది. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లో గోడలు నానిపోయాయి, ఇనప్పెట్టెలో నీళ్ళు నిలిచిపోయాయి. మా అమ్మ పెళ్ళి ఫోటోలు అందులోవే. ఆ తర్వాత 1996 నవంబరు తుపానుకి పైకప్పే లేచిపోయింది. అంటే కింద పెడితే వరద, పైన పెడితే తుపాను. 2022 జూలైలో నీళ్ళు వస్తున్నాయని తెలిసిన వెంటనే మేం చేసిన మొదటి పని, పెట్టె పడవ మీద వేసి గట్టు మీదకి పంపడం. పశువుల తర్వాత అదే.

అందుకని నా సలహా: పెద్ద పెట్టె వద్దు. ఒక మనిషి రెండు చేతులతో ఎత్తి తీసుకుపోగలిగినంత పెట్టె ఒకటి ఉండాలి, అందులో పోతే మళ్ళీ రానివి మాత్రమే ఉండాలి. మిగతావి ఎక్కడున్నా పర్లేదు. తాళంచెవి అందరికీ తెలిసిన చోట ఉండాలి, దాచిపెట్టకూడదు. వరద రోజు తాళంచెవి వెతికేవాళ్ళని చూశాను.

కోనసీమ మనవరాలు

బాబాయ్ గారూ, అమ్మావాళ్ళ పెళ్ళి ఫోటోలు మరి దక్కలేదా?

లంక రైతు

కొన్ని దక్కాయమ్మా. ఒకదానికొకటి అట్టల్లా అంటుకుపోయినవి వదిలేశాం. విడదీసే ఉపాయం అప్పుడు ఎవరికీ తెలీదు.

స్టూడియో కుర్రాడు, పాలకొల్లు

ఆ ఉపాయం నేను చెప్తానండీ, ఎవరికైనా పనికొస్తుంది. తడిసిన ఫోటోలు అంటుకుంటే పొడిగా ఉన్నప్పుడు లాగకూడదు. శుభ్రమైన చల్లటి నీళ్ళలో నానబెడితే వాటంతటవే వదులవుతాయి. బొమ్మ ఉన్న వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని తీసి, బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. ఇది స్టూడియోలో కడిగిన ఫోటోలకే. ఇంట్లో ఇంక్ ప్రింటర్‌తో తీసినవైతే నీళ్ళలో వెయ్యగానే రంగు పోతుంది. రెండు రోజుల్లోపు ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో వేసెయ్యండి. గడ్డకట్టాక బూజు పెరగదు, వరద తగ్గాక తీరిగ్గా చూసుకోవచ్చు.

మనవరాలు గారి అద్దానికి అంటుకున్న ఫోటో సంగతి వేరు. దాన్ని పీకకండి. అద్దంతోపాటే ముందు స్కాన్ చేయించండి. అద్దం తుడిచి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో పక్కనుంచి కాంతి పడేలా ఫోను కెమెరాతో తీసినా సరిపోతుంది. అది చేతిలో పడ్డాక మిగతా ప్రయోగాలు.

పేజీకి జిగురు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బములు మీ ఇంట్లో ఉంటే ఆ జిగురు ఫోటోని పసుపు చేస్తూనే ఉంటుంది. పళ్ళ మధ్య తీసుకునే దారం (డెంటల్ ఫ్లాస్) ఫోటో వెనక నుంచి మెల్లగా రంపంలా లాగితే ఊడి వస్తుంది. మొండికేస్తే వదిలేసి పేజీకే ఫోటో తియ్యండి.

స్కాను 600 డీపీఐలో చేయించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఇది రోజుకి పది మందికి చెప్తాను, పది మందీ మామూలుగానే పంపుతారు.

నర్సమ్మ, తణుకు

కలరా ఉండల గురించి ఒక్క మాట. పురిటి బట్టలు దాచి, తర్వాత పుట్టిన బిడ్డకి అవే వేద్దామనుకునేవాళ్ళు ఆ ఉండలు పెట్టొద్దు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకి ఆ వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. అలాంటి పిల్లలు మన దగ్గరా ఉంటారు, పరీక్ష చేయిస్తే గానీ తెలీదు. ఇప్పటికే ఉండలు పెట్టిన బట్టలుంటే బాగా ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. ఉండలు మిఠాయిలనుకుని నోట్లో పెట్టుకునే పిల్లలూ ఉంటారు, అది మరీ ప్రమాదం.

వేపాకు పెట్టొచ్చు. పూర్తిగా ఎండినది, పల్చటి గుడ్డమూటలో. పచ్చిది పెడితే దాని తడీ మరకా బట్టకే.

కోనసీమ మనవరాలు

అయ్యబాబోయ్, మంచి మాట చెప్పారు నర్సమ్మగారూ. అమ్మకి చదివి వినిపించాను. "మీరందరూ ఆ ఉండల మధ్యే పెరిగారు" అంది గానీ ప్యాకెట్ తీసి బయట పెట్టేసింది 😀

స్కానింగ్ బొమ్మ అప్పుడే మసకబారుతోంది. లామినేషన్ చేయించేస్తే ఆగుతుందా?

స్టూడియో కుర్రాడు, పాలకొల్లు

వద్దు వద్దు వద్దు! ఆ కాగితం థర్మల్ పేపరు, బస్సు టికెట్టు లాంటిది. వేడి తగిలితే నల్లబడుతుంది. లామినేషన్ మిషన్‌లోకి వెళ్ళిన క్షణంలో మొత్తం నల్ల కాగితం అయి వస్తుంది. అలా చేసి తెచ్చి "సరిచెయ్యి" అని ఏడ్చినవాళ్ళున్నారు, అది ఎవరి వల్లా కాదు. ఈరోజే ఫోటో తీసి, అసలుది ప్లాస్టిక్ కవరు కాకుండా కాగితం కవర్లో, చీకట్లో పెట్టండి. ఎలా దాచినా కొన్నేళ్ళకి అది చెరిగిపోతుంది. ప్రింటు తీయించుకున్న కాపీయే మిగిలేది.

మామూలు సర్టిఫికెట్లు కూడా లామినేట్ చేయించకండి, మళ్ళీ విప్పలేం.

అల్లికల అత్తమ్మ, నరసాపురం

లేసు బల్లగుడ్డ అన్నారు కదమ్మా, అందుకే రాస్తున్నాను. మా ఇంట్లో నాలుగు తరాల నుంచి కుచ్చు సూది పట్టినవాళ్ళమే. నరసాపురంలో ఈ పని క్రైస్తవ మిషనరీలు వచ్చాక, 19వ శతాబ్దంలో మొదలైందని పెద్దలు చెప్తారు. మీ అమ్మమ్మది చేతి అల్లికే అయితే అది మా చుట్టుపక్కల ఏదో ఊళ్ళో ఏదో వసారాలో అల్లిందే అయి ఉంటుంది.

లేసుని మడతపెట్టొద్దు, మడత దగ్గరే దారం తెగుతుంది. చుట్టి పెట్టండి, అట్ట గొట్టానికి ముందు తెల్లగుడ్డ చుట్టి దాని మీద. సబ్బు పొడి వద్దు, కుంకుడు రసం పల్చగా కలిపి నానబెట్టి, పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకి సాగిపోతుంది. గంజి పెట్టి దాచకండి, గంజికి పురుగు వస్తుంది.

పట్టుచీరలకీ ఇదే. ప్లాస్టిక్ కవర్లో నుంచి తీసెయ్యండి. పాత తెల్ల నూలు పంచె, బాగా ఉతికింది, అందులో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చి పెట్టండి. జరీ మీద సెంటు కొట్టొద్దు, పూలదండ పెట్టి దాచొద్దు.

మరో సంగతి. ఆ బల్లగుడ్డ ఎవరు అల్లారో, ఎవరు కొనిచ్చారో మీ అమ్మకి తెలిస్తే ఇప్పుడే ఒక చీటీ మీద రాసి దానితో పెట్టండి.

హైదరాబాద్‌లో గోదారోడు

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. ఇంత అవసరమా? మా నాన్నగారు పోయాక ఆయన బీరువా తెరిస్తే అరవయ్యేళ్ళ కరెంటు బిల్లులు, పెళ్ళి శుభలేఖలు, మా ప్రోగ్రెస్ కార్డులు. మా ఫ్లాట్ పన్నెండు వందల చదరపు అడుగులు. ఏడాది పట్టింది ఖాళీ చెయ్యడానికి. ప్రేమ ఉంటే మనసులో ఉంటుంది. ఫోటో తీసుకుని వదిలెయ్యండి. మీ ఆయన చెప్పిందే కరెక్ట్.

అల్లికల అత్తమ్మ, నరసాపురం

కరెంటు బిల్లుకీ ఉగ్గుగిన్నెకీ తేడా లేదా బాబూ?

హైదరాబాద్‌లో గోదారోడు

ఉందండి. కానీ ఆ తేడా బతికుండగా మా నాన్నగారు చెప్పలేదు కదా. అన్నీ ఒకే బీరువాలో, ఒకే తాళం కింద. ఏది దేనికి దాచారో మాకెలా తెలుస్తుంది?

టీచరమ్మ, మండపేట

గోదారోడి కోపంలో న్యాయం ఉంది. దాచినవాళ్ళు ఎందుకు దాచారో చెప్పకపోతే తర్వాతివాళ్ళకి అదంతా చెత్తే. అందుకే పిల్లల కాగితాల దగ్గర నేను గట్టిగా ఉంటాను. ఒకటో తరగతి పిల్ల ఏడాదికి వందల బొమ్మలు గీస్తుంది. అన్నీ దాస్తే ఏదీ చూడం.

మా ఇంట్లో పద్ధతి ఇది. బడి మూసే ఏప్రిల్‌లో పిల్లని కూర్చోబెట్టి "నీకిష్టమైనవి నువ్వే తియ్యి" అంటాం. మనకి నచ్చినవీ వాళ్ళకి నచ్చినవీ ఎప్పుడూ ఒకటి కావు. మావాడు చక్కగా గీసిన పడవ బొమ్మ పక్కన పడేసి, అడ్డదిడ్డంగా గీసిన బర్రెని దాచుకున్నాడు. ఎందుకురా అంటే, అది ఈనిన రోజు గీశాడట. అదే వెనక పెన్సిల్‌తో రాయించాను, వాడి మాటల్లోనే, తేదీతో. పెన్నుతో రాస్తే తడిసినప్పుడు ఇంకు ముందు వైపుకి దిగుతుంది.

క్రేయాన్ బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెడితే మైనం అంటుకుంటుంది, మధ్యలో బటర్ పేపర్ పెట్టండి. స్కెచ్ పెన్ రంగులు వెలుగుకి పాలిపోతాయి కాబట్టి గోడకి పెట్టేది ఫోటో ప్రింటు, దాచేది అసలు. చెమ్కీలు, బియ్యం, పప్పులు అంటించిన క్రాఫ్ట్ పనులు మాత్రం ఫోటో తీసి వదిలెయ్యండి. వాటికోసం ఎలుకలొస్తాయి.

పలక దాచుకోండి. మీద అక్షరాలు చెరిగిపోతాయి, పర్లేదు.

పాత లైబ్రరీ మాస్టారు

తాటాకుల సంగతి చెప్తానన్నాను. గంటంతో గీసిన అక్షరంలో మసి కలిపిన నూనె రాసి తుడిస్తేనే చదవడానికి కనిపిస్తుంది. నిమ్మగడ్డి నూనె రాసి పాత ఆకుల్ని మళ్ళీ మెత్తబరుస్తారు. ఇది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని. బూజు ఉన్న ఆకుకి నూనె రాస్తే బూజుకి భోజనం పెట్టినట్టే. మీరు చెయ్యాల్సింది ఇంతే: మెత్తటి పొడి బ్రష్షుతో దులిపి, ఆకుల వరస మారకుండా ఫోటోలు తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి నూలు గుడ్డలో కట్టండి. గట్టిగా బిగించకండి, ఆకు విరుగుతుంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాటాకు ప్రతులున్నాయి, ఒకసారి వెళ్ళి ఎలా ఉంచారో చూసి రండి. చూస్తేనే సగం అర్థమవుతుంది.

కోనసీమ మనవరాలు

ధన్యవాదాలు మాస్టారూ. ఒక చిక్కు. ఒక పసిపాప ఫోటో వెనక "వికృతి, కార్తీకం" అని పెన్సిల్‌తో ఉంది. పేరు లేదు. ఎవరో ఎలా తెలుస్తుంది?

పాత లైబ్రరీ మాస్టారు

అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. వికృతి అంటే 2010లో మొదలైన సంవత్సరం, అంతకుముందు 1950లో మొదలైనది. నలుపు తెలుపు ఫోటో కాబట్టి 1950 చివర్లోది. అప్పటికి మీ ఇంట్లో పసిబిడ్డ ఎవరో లెక్కేస్తే దొరికిపోతుంది. పెద్దవాళ్ళలో ఎవరైనా ఉంటే ఫోటో చూపించి వాళ్ళు మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చెయ్యండి. పేరు అడిగితే గుర్తురాదు గానీ, ఇల్లు ఎవరిది, కాన్పు ఎక్కడైంది అని అడిగితే అన్నీ వస్తాయి.

ఇప్పుడు మీరు రాసేటప్పుడు తెలుగు సంవత్సరం పక్కన ఇంగ్లీషు సంవత్సరమూ రాయండి.

కోనసీమ మనవరాలు

అమ్మ పెద్దక్క అయి ఉండాలి! పసితనంలోనే పోయిందట. ఆవిడ ఫోటో ఉందని అమ్మకే తెలీదు. ఏలూరులో ఉన్న పెద్దత్తయ్యకి పంపాను, ఫోన్ చేస్తానంది.

వడ్రంగి బాబాయ్, ముమ్మిడివరం

ఇల్లు విప్పే ముందు ఒకటి చూడమ్మా. గుమ్మాల ద్వారబంధాల మీద పిల్లల ఎత్తు గీతలుంటాయి, పేర్లతో. కలప బేరంలో అవి కూడా పోతాయి. ఆ ఒక్క నిలువు చెక్కని బేరంలో నుంచి తప్పించుకోండి. పాత టేకు కదా, వాళ్ళు గునుస్తారు, అయినా ముందే చెప్తే ఇస్తారు. నాలుగడుగుల ముక్క కోసి ఇస్తాను, గోడకి మేకు కొట్టుకోవచ్చు. వీలు కాకపోతే ట్రేసింగ్ కాగితం చుట్ట అంటించి గీతలన్నీ ఎత్తుకోండి. విప్పే రోజు వెళ్తే మాత్రం ఆలస్యమవుతుంది, దారబంధమే ముందు తీస్తారు.

భీమవరం బుల్లోడు

బాబాయ్, ఇది ఎవరికీ తట్టని పాయింటు. మా ఇల్లు విప్పినప్పుడు ఎవరూ చెప్పలేదు.

క్యాసెట్ల సంగతి నేను చెప్తాను, అదే నా పని. కవరు కిటికీలోంచి చూడండి, టేపు అంచుల మీద తెల్లటి మచ్చలుంటే బూజు. దాన్ని వీసీఆర్‌లో పెట్టారంటే మిషన్ పాడై, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, బాగుచేసే చెయ్యీ తక్కువే. కాబట్టి తర్వాత చూద్దాం అనుకోకూడని వస్తువు ఇదే. ముందు ఇదే చేయించండి. మిగతావి ఆగుతాయి.

డిజిటల్ చేశాక ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టి మురిసిపోకండి. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే ఊళ్ళో. హార్డ్ డిస్కు మీ ఇంట్లో, ఇంకోటి హైదరాబాద్ తమ్ముడి దగ్గర, మూడోది క్లౌడ్‌లో. గూగుల్ ఫోటోస్‌లో 2021 జూన్ నుంచి అన్నీ కలిపి 15 జీబీ దాకానే ఉచితం, వీడియోలకి అది ఏ మూలకీ చాలదు.

నర్సమ్మ, తణుకు

మొదట్లో బుల్లోడు అన్న వాటాల గొడవ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నిజంగా అది రాదా మనవరాలు గారూ?

కోనసీమ మనవరాలు

వచ్చింది అక్కా. మావయ్య తాయెత్తు తనకే కావాలన్నాడు, అది ఆయనదే కాబట్టి సరే. ఉగ్గుగిన్నె దగ్గర చిన్నపిన్నికీ అమ్మకీ మాట వచ్చింది. చివరికి ఇలా అనుకున్నాం: ఇంట్లో ఎప్పుడు పసిబిడ్డ పుడితే వాళ్ళింట్లో ఉంటుంది, తర్వాతి కాన్పుకి అక్కడికి వెళ్తుంది. ఎవరింట్లో ఉందో కుటుంబం గ్రూపులో రాయాలి. వెండి తూకం కూడా రాసి పెట్టాం, అది చిన్నపిన్ని మాట.

లంక రైతు

మీ చిన్నపిన్ని తెలివైనావిడ ఆయ్.

అల్లికల అత్తమ్మ, నరసాపురం

గిన్నె తోమడానికి టూత్‌పేస్టు వాడకండి, గీతలు పడతాయి. కుంకుడు రసం, మెత్తటి గుడ్డ. అంచు మీద నలుపు పనితనం ఉంటే అది మురికి కాదు, అలాగే వదిలెయ్యాలి.

కోనసీమ మనవరాలు

ఆదివారం క్యాసెట్లు తీసుకుని భీమవరం వస్తున్నాం. ద్వారబంధం గురించి మావయ్య కలపవాళ్ళతో మాట్లాడాడు, రెండు వేలు తగ్గించమన్నారు, ఒప్పుకున్నాం. వడ్రంగి బాబాయ్, మీరే వచ్చి కొయ్యాలి, దసరాకి ముందు ఏ రోజు వీలు?

అత్తమ్మగారూ, పాత పంచెలు మాకు లేవు. కొత్త గుడ్డ కొంటే ఏది అడగాలి?

అల్లికల అత్తమ్మ, నరసాపురం

రంగు వెయ్యని తెల్ల మల్లు గుడ్డ అడగండి. తెచ్చాక రెండు మూడుసార్లు వేడినీళ్ళలో ఉతికి గంజి పూర్తిగా పోయాకే వాడండి.

వడ్రంగి బాబాయ్, ముమ్మిడివరం

వచ్చే గురువారం పొద్దున్నే. గీతలున్న వైపు సుద్దతో గుర్తు పెట్టి ఉంచండి, రెండు గుమ్మాలుంటే రెండిటికీ.